సరుకు పూచీతో స్థానిక కరెన్సీ: గిడ్డంగి నిండినంత మాత్రాన నోటు నడుస్తుందా?

1780లో, స్వాతంత్ర్య యుద్ధం మధ్యలో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం తన సైనికులకు జీతాల కింద ఓ కొత్త రకం బాండ్లు ఇచ్చింది. కాగితపు డబ్బు విలువ నెలనెలా దిగజారిపోతున్న రోజులవి. అందుకని బాండు మీద అంకె వేసి ఊరుకోకుండా సరుకుల జాబితా కూడా అచ్చు వేశారు: 5 బుషెళ్ల (ధాన్యపు కొలత) మొక్కజొన్న, 68 పౌన్ల (పౌను అంటే దాదాపు అరకిలో తూకం) పైచిలుకు గొడ్డు మాంసం, 10 పౌన్ల గొర్రె ఉన్ని, చెప్పుల అడుగులకు వాడే తోలు 16 పౌన్లు. గడువు తీరిన నాడు ఈ నాలుగింటినీ కొనడానికి ఎంత అవుతుందో చూసి, ఆ దామాషాలో అసలూ వడ్డీ చెల్లిస్తామని రాష్ట్రం రాసిచ్చింది.

ఆ మాట నిలబెట్టుకోవడానికి మొక్కజొన్ననూ ఉన్నినీ ఎక్కడా పోగు చేయనక్కరలేదు. చెల్లించేది ఆనాటి డబ్బే. సరుకులు ఆ డబ్బును కొలిచే కొలబద్ద మాత్రమే. ద్రవ్యోల్బణం పెరిగిన ప్రతిసారీ, బ్యాంకుల మీద నమ్మకం సడలిన ప్రతిసారీ ‘మన ప్రాంతానికి మనమే సరుకు పూచీతో కరెన్సీ తెచ్చుకుందాం’ అనే ఆలోచన తలెత్తుతుంది. అలా అనేవారు చాలాసార్లు మూడు వేర్వేరు పనులను ఒకే మూటలో కట్టేస్తారు. విలువను కొలవడం ఒకటి. ఆ విలువకు పూచీగా నిల్వ ఉంచడం మరొకటి. రోజూ నలుగురి చేతులు మారుతూ తిరగడం మూడోది. మొదటి పనికి సరుకు బాగా పనికొస్తుంది. రెండో పనికి ఖర్చు భరించగలిగితే పనికొస్తుంది. మూడో పనికి సరుకు చేసే సాయం చాలా తక్కువ, కొన్ని సందర్భాల్లో అడ్డు కూడా తగులుతుంది.

నోటు మీద ఏం రాయాలి అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఇది బయటపడుతుంది. రాయడానికి రెండు పద్ధతులున్నాయి. ‘ఇది తెచ్చినవారికి 10 కిలోల ధాన్యం ఇస్తాం’ అన్నది తూకపు నోటు. ‘ఇది తెచ్చినవారికి ఇంత మొత్తం విలువ చేసే ధాన్యం ఆనాటి ధరకు ఇస్తాం’ అన్నది విలువ నోటు. రెండోది పేరుకే సరుకు కరెన్సీ. ధర పెరిగితే నోటుకు వచ్చే ధాన్యం తగ్గిపోతుంది కాబట్టి, ద్రవ్యోల్బణం నుంచి అది ఇచ్చే రక్షణ సున్నా. దుకాణం ఇచ్చే కూపనుకూ దానికీ తేడా లేదు. కనుక నిజమైన చర్చ తూకపు నోటు గురించే.

తూకపు నోటుకు పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది. ధాన్యం గిడ్డంగికి చేరేది కోతల కాలంలో. కాబట్టి నోట్లు కూడా అప్పుడే పుడతాయి. ఏడాది మొత్తంలో ధర బాగా కింద ఉండేది కూడా మామూలుగా అప్పుడే. రానున్న నెలల్లో ధర ఎక్కుతుందని తెలిసినవారెవరూ ఆ నోటును ఖర్చు పెట్టరు; పెట్టెలో దాచుకుని, విలువ తగ్గే మామూలు డబ్బును ముందు వదిలించుకుంటారు. తీరా కొత్త పంట దగ్గరపడి ధర పడిపోయే సూచనలు కనిపించగానే అందరూ ఒక్కసారిగా నోట్లు పట్టుకుని గిడ్డంగి ముందు వరుస కడతారు. అంటే నోట్లు తిరగాల్సినప్పుడు తిరగవు, నిలవాల్సినప్పుడు నిలవవు. పొదుపు పత్రంగా ఇది భేషైనదే. చలామణి డబ్బుగా మాత్రం మొదటి పరీక్షలోనే తప్పుతుంది.

వర్జీనియా పొగాకు

ఈ విషయంలో అమెరికాలో అప్పట్లో ఇంగ్లండు పాలనలో ఉన్న వర్జీనియా వలస రాజ్యానికి ఉన్నంత సుదీర్ఘ అనుభవం బహుశా ఇంకెవరికీ లేదు. 17వ శతాబ్దంలో అక్కడ వెండి నాణేలు కంటికి కనిపించేవి కావు. పన్నులు, జరిమానాలు, చర్చి గురువుల జీతాలు అన్నీ పొగాకు పౌన్లలోనే. ఫలితం ఊహించదగినదే. మంచి ఆకు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేది. పన్ను కట్టడానికి మాత్రం కాడలు, చెత్త, బూజు పట్టిన ఆకు బయటికొచ్చేది. చట్టం దృష్టిలో పౌను పౌనే కాబట్టి, ఎంత నాసిరకమైతే కట్టేవాడికి అంత లాభం.

1713లో గవర్నర్ స్పాట్స్‌వుడ్ తనిఖీ చట్టం తెచ్చాడు. నాలుగేళ్లకే లండన్ దాన్ని రద్దు చేసింది. 1730లో గవర్నర్ గూచ్ హయాంలో వచ్చిన చట్టం నిలబడింది. దాని పనితీరు ఈనాటికీ గమనించదగ్గది. పొగాకు పీపాలను ప్రభుత్వ గిడ్డంగికి తేవాలి. ప్రమాణం చేసిన తనిఖీదారులు పీపా తెరిచి చూస్తారు. పనికిరాని ఆకును అక్కడికక్కడే తగలబెడతారు. మిగిలినదాన్ని తూచి, ముద్ర వేసి, యజమానికి రసీదు ఇస్తారు. ఆ రసీదుల్లో రెండు రకాలు. ఒకటి ఫలానా పీపాకే చెందేది. ఆ రసీదు తెచ్చినవారికి ఆ పీపానే ఇవ్వాలి. రెండోది ఆ గిడ్డంగిలోని తనిఖీ అయిన ఏ పొగాకుతోనైనా తీర్చదగినది. ఎగుమతి వర్తకుడికి మొదటి రకం కావాలి, ఎందుకంటే అతనికి నాణ్యత ముఖ్యం. పన్నులు, చిల్లర బాకీలు తీర్చుకునేవారికి రెండో రకం చాలు. ఒక సరుకును డబ్బుగా మార్చాలంటే దానికున్న ప్రత్యేకతను చెరిపేయాలన్న సంగతి ఈ ఏర్పాటు చేసినవారికి బాగా తెలుసు. గింజకు గింజ, ఆకుకు ఆకు సమానమని అందరూ ఒప్పుకునే గ్రేడు ఉంటేనే రసీదు చేతులు మారుతుంది.

అందరూ ఒప్పుకోలేదు కూడా. 1732లో కోపించిన సాగుదారులు కొన్ని గిడ్డంగులకు నిప్పు పెట్టారు. తమ ఆకును చెత్త అని తేల్చి కళ్లెదుటే కాల్చేస్తుంటే చిన్న రైతులు ఊరుకుంటారని అనుకోవడమే తప్పు. నాణ్యత నిర్ణయం చూడటానికి సాంకేతిక విషయంలా ఉంటుంది గానీ, ఎవరి కష్టం డబ్బు అవుతుందో, ఎవరిది కాదో తేల్చే అధికారం అది.

అయినా ఈ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. దాన్ని దెబ్బతీసింది 1758 నాటి కరవు. పంట పోయింది, పొగాకు ధర పౌను ఒక్కింటికి ఆరు పెన్నీల దాకా ఎగబాకింది. ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు బాకీ ఉన్నవాడికి ఆ భారం రాత్రికి రాత్రే రెండు మూడింతలైంది, అదీ తన చేను ఎండిపోయిన ఏడాదిలో. వర్జీనియా శాసనసభ జోక్యం చేసుకుని, పొగాకు బాకీలను పౌనుకు రెండు పెన్నీల చొప్పున డబ్బుతో తీర్చుకోవచ్చని చట్టం చేసింది. ఆ 16,000 పౌన్లు సరిగ్గా ఒక్కో చర్చి గురువు వార్షిక జీతం. వారు లండన్‌కు మొర పెట్టుకోగా 1759లో రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు. తమకు రావాల్సిన తేడా ఇప్పించమని గురువులు కోర్టుకెక్కారు. 1763లో రెవరెండ్ మోరీ వేసిన దావాలో ప్రతివాదుల తరఫున వాదించిన యువ న్యాయవాది పాట్రిక్ హెన్రీ, తర్వాత స్వాతంత్ర్య పోరాట నేతగా పేరుపడ్డవాడు. జ్యూరీ ఆ గురువుకు ఇప్పించిన పరిహారం అక్షరాలా ఒక్క పెన్నీ.

ఈ దావాను అమెరికా చరిత్రకారులు స్వాతంత్ర్య పోరాటానికి ముందుమాటగా చదువుతారు. కరెన్సీ రూపొందించాలనుకునేవారు మాత్రం దీన్ని మరోలా చదవాలి. ఒక ప్రాంతంలో పండేదాన్నే ఆ ప్రాంతపు డబ్బుకు పూచీగా పెడితే, కరవు ఒకేసారి రెండు వైపులా కొడుతుంది. ఆదాయం తగ్గుతుంది, అదే సమయంలో బాకీ బరువు పెరుగుతుంది. స్థానిక సరుకును ఎంచుకోవడమే ఈ ఆలోచనకు ప్రాణం అని ప్రచారం చేసేవారు గుర్తించనిది ఇదే: పూచీ సరుకు ఆ ప్రాంతపు అదృష్టంతో ముడిపడి ఉండకపోవడమే మేలు. కనీసం దీర్ఘకాలిక అప్పులను ఆ సరుకు లెక్కన రాయకూడదు.

ఒక సరుకు కాదు, బుట్ట

ఒక్క సరుకు ఒడిదొడుకులను తప్పించుకోవడానికి అందరికీ తట్టే దారి, పలు సరుకులను కలిపి బుట్టగా చూడటం. మదుపు గురువుగా పేరుపడ్డ బెంజమిన్ గ్రాహం 1937లో ఇలాంటి పథకాన్నే ప్రతిపాదించాడు. 23 సరుకుల బుట్టను ప్రభుత్వం స్థిరమైన ధరకు కొని నిల్వ చేస్తుంది, అడిగితే అదే ధరకు అమ్ముతుంది. 1943లో ఆర్థికవేత్త హయెక్ దీన్ని సమర్థించాడు. 1951లో మరో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అభ్యంతరం చెప్పాడు. కాగితంతో జరిగిపోయే పనికి నిజమైన సరుకును, నిజమైన శ్రమను గిడ్డంగుల్లో బందీ చేయడం దండగ ఖర్చన్నది ఆయన వాదనలో గట్టి భాగం. 1964లో కాల్డోర్, హార్ట్, టిన్‌బర్గెన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఐక్యరాజ్యసమితి వాణిజ్య సదస్సు ముందు ప్రపంచ స్థాయి సరుకుల కరెన్సీ ప్రతిపాదన పెట్టారు. అది అక్కడే ఆగిపోయింది.

ఇవన్నీ దేశాల, ప్రపంచాల స్థాయి ఆలోచనలు. చిన్న పట్టణంలో ప్రయత్నించినవాడు అమెరికన్ రచయిత రాల్ఫ్ బోర్సోడి. 1972లో, ఎనభై దాటిన వయసులో, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఎక్సెటర్ పట్టణంలో ‘కాన్‌స్టంట్’ అనే కరెన్సీ తెచ్చాడు. దాని విలువను 30 సరుకుల బుట్టతో కొలిచేవారు. డాలరు కొనుగోలు శక్తి పడిపోతున్న కొద్దీ డాలర్లలో కాన్‌స్టంట్ విలువ పెరిగింది. కొన్నేళ్లకే ప్రయోగం ముగిసింది. అయితే అది నిరూపించిన సంగతి చిన్నది కాదు: మంచి కొలబద్ద దొరికితే జనం దానిలో లెక్క వేసుకోగలరు. మసాచుసెట్స్ బాండ్లు చెప్పింది కూడా ఇదే. 30 సరుకుల బుట్టను మాత్రం ఎవరూ చిల్లరగా ఇంటికి పట్టుకుపోలేరు. బుట్ట పెద్దదయ్యే కొద్దీ అది ధరల సూచీగా మారుతుంది, గిడ్డంగి నామమాత్రం అవుతుంది.

గిడ్డంగి లోపల

సరే, ఒక్క సరుకుతోనే, చిన్న స్థాయిలో చేద్దామనుకుంటే లెక్క ఎలా ఉంటుంది? ఉదాహరణకు 100 టన్నుల ధాన్యం నిల్వ పెట్టి, కిలోకు ఒకటి చొప్పున లక్ష నోట్లు జారీ చేశారనుకుందాం. తేమ ఆరడం, పురుగు, ఎలుకలు, తూకంలో పోయేది కలిపి ఏడాదికి 3 శాతం తరుగు అనుకుంటే 3,000 కిలోలు పోయాయి. అద్దె, బీమా, కాపలా, మందు కొట్టడం వగైరాకు ధాన్యంలో లెక్కేస్తే మరో 5 శాతం. ఏడాది తిరిగేసరికి లక్ష నోట్లకు వెనక ఉన్నది 92,000 కిలోలు. అంటే నోటు మీద ‘ఒక కిలో’ అని రాయడం మొదటి రోజు ఒక్కనాడే నిజం.

ఈ 8 శాతం ఎవరో ఒకరు భరించాలి. జారీ చేసిన సంఘం చందాల నుంచి భరించవచ్చు, లేదా ఆ తరుగును నోటుకే అంటగట్టవచ్చు. రెండోదే నిజాయితీ గల దారి. నెలనెలా నోటు విలువ ఇంత చొప్పున తగ్గుతుందని ముందే ప్రకటిస్తే, దాచుకోవాలన్న ఆశ కూడా కొంత తగ్గుతుంది. డబ్బుకు కావాలనే తరుగు పెట్టాలన్న సిల్వియో గెసెల్ సిద్ధాంతం ఆధారంగా 1932లో ఆస్ట్రియాలోని వ్యోర్గల్ పట్టణం చెల్లుబాటు కావాలంటే నెలనెలా విలువలో 1 శాతం పెట్టి స్టాంపు కొని అతికించాల్సిన నోట్లు తెచ్చింది. 2003లో జర్మనీలో మొదలైన స్థానిక కరెన్సీ కీమ్‌గావర్ కూడా ఇదే బాట పట్టింది. వాటికి తరుగు ఒక విధాన నిర్ణయం. ధాన్యపు నోటుకు అది ప్రకృతి విధించినది.

లెక్కలో సులువుగా మరచిపోయే ఖర్చు ఇంకొకటి ఉంది. ధాన్యాన్ని ఏళ్ల తరబడి ఉంచలేం. పాతది అమ్మి కొత్తది నింపాలి. పాతది అమ్మిన రోజుకూ కొత్తది కొనే రోజుకూ మధ్య నోటుకు పూచీ ధాన్యం కాదు, బ్యాంకు ఖాతాలోని మామూలు డబ్బు. ఆ కొద్ది వారాల్లో ధర ఎగబాకితే పథకం దివాళా అంచుకు చేరినట్టే.

ఇక మోసం సంగతి. 1963లో అమెరికాలో వంటనూనె గిడ్డంగి రసీదుల మీద భారీగా అప్పులు తీసుకున్న ఒక కంపెనీ కుప్పకూలినప్పుడు, ట్యాంకులు తెరిచి చూస్తే చాలావాటిలో ఉన్నది నీళ్లు. నూనె నీటిపై తేలుతుంది కాబట్టి, పైనుంచి చూసే తనిఖీదారులకు ట్యాంకు నిండుగానే కనిపించేది. ఆ రసీదులకు పూచీ పడింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ సంస్థ. నష్టం 15 కోట్ల డాలర్లు దాటింది. 2014లో చైనాలోని చింగ్‌డావ్ ఓడరేవులో ఒకే లోహపు నిల్వను పలు చోట్ల తాకట్టు పెట్టిన ఉదంతం బయటపడింది. అంతటి బ్యాంకులను బోల్తా కొట్టించిన కిటుకులు ఓ చిన్న సహకార సంఘాన్ని వదిలిపెడతాయా? తనిఖీ చేసేవారు, గిడ్డంగి నడిపేవారు, నోట్లు అచ్చు వేసేవారు ముగ్గురూ వేరు వేరు మనుషులు కావాలి. చిన్న ప్రాంతంలో ఈ ముగ్గురూ సాధారణంగా బంధువులో స్నేహితులో అయి ఉంటారు.

భూమిలో ఉన్న సరుకును పూచీ అనడం మరీ విడ్డూరం. వెనెజువెలా 2018లో చమురు నిల్వల పూచీతో ‘పెట్రో’ తెచ్చింది. పెట్రో పట్టుకెళ్లి చమురు పీపా తెచ్చుకునే ఏర్పాటే లేదు. 2024 జనవరిలో దాన్ని మూసేశారు.

నోటును నడిపేది ఏది

1923లో జర్మనీ అతి ద్రవ్యోల్బణంలో మునిగి ఉన్నప్పుడు రై ధాన్యం లెక్కన బాండ్లు అమ్మేవారు. జర్మన్ రాజకీయ నేత కార్ల్ హెల్ఫెరిక్ ఏకంగా రై ధాన్యపు మార్కునే ప్రతిపాదించాడు. రై ధర నిలకడగా ఉండదన్న కారణంతో ఆ ఆలోచన పక్కకు పోయి, నవంబర్ 15న రెంటెన్‌మార్క్ వచ్చింది. లక్ష కోట్ల పాత మార్కులు ఒక్క రెంటెన్‌మార్కుకు సమానం. దానికి పూచీ దేశంలోని వ్యవసాయ భూముల, పరిశ్రమల మీద వేసిన తాకట్టు హక్కు. నోటు పట్టుకెళ్లిన వారెవరికీ గుంట భూమి కూడా రాదు. అయినా ఆ నోటు నిలబడింది. భూమి మాట జనానికి ధైర్యం ఇచ్చి ఉండొచ్చు గానీ, దాన్ని నిలబెట్టింది మొత్తం జారీ మీద విధించిన 240 కోట్ల పరిమితి, ప్రభుత్వానికి నోట్లు అచ్చు వేసివ్వడం ఆపేయడం.

ఇటీవలి స్థానిక కరెన్సీలు చాలావరకు సరుకు జోలికే పోలేదు. 2006లో మసాచుసెట్స్‌లోనే మొదలైన బర్క్‌షేర్‌కు పూచీ స్థానిక బ్యాంకుల్లో జమ చేసిన డాలర్లు. 2012లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో వచ్చిన ‘బ్రిస్టల్ పౌండు’ కరెన్సీకి పూచీ మామూలు బ్రిటిష్ పౌండ్లే. ఆ నగర మేయరు తన జీతం మొత్తం అందులోనే తీసుకున్నాడు, స్థానిక పన్నులు కూడా అందులో కట్టనిచ్చారు. అయినా 2021 నాటికి ఆ నోట్లు చలామణి నుంచి తప్పుకున్నాయి. పూచీ నికరమైనదే, లోటు అందులో లేదు. నోటు తీసుకున్న వ్యాపారికి దాన్ని ఖర్చు పెట్టే తావు చాలక అది మళ్లీ మామూలు డబ్బుగా మారిపోతుండటం ఇలాంటి పథకాలన్నిటికీ ఉన్న జబ్బు. సరుకు పూచీ పెట్టినా ఆ జబ్బు నయం కాదు. ధాన్యపు నోటు తీసుకున్న దుకాణ యజమాని తన కరెంటు బిల్లు దేనితో కట్టాలి?

చట్టం కూడా ఊరుకోదు. వ్యోర్గల్ నోట్లను ఆస్ట్రియా కేంద్ర బ్యాంకు 1933లో ఆపించింది. అమెరికాలో 1998 నుంచి వెండి పూచీతో నడిచిన ‘లిబర్టీ డాలర్’ కార్యాలయంపై 2007లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాడి చేసి లోహాన్ని పట్టుకుపోయింది. నిర్వాహకుడు 2011లో దోషిగా తేలాడు. అక్కడ ప్రధాన నేరం నాణేలు అసలు డాలర్లను పోలి ఉండటం. కానీ వెండి నిజంగానే గిడ్డంగిలో ఉన్నా, ధ్రువపత్రం దగ్గర పెట్టుకున్న మామూలు మనిషికి అది అందకుండా పోయింది.

ఇన్ని చెప్పాక మిగిలేది ఏమిటంటే, సరుకు పూచీ ఒక పంటకాలానికి సరిపోయే పద్ధతి. 1989లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో దుకాణం మార్చడానికి బ్యాంకు అప్పు పుట్టని ఓ భోజనశాల యజమాని, 10 డాలర్ల తిండికి చెల్లే నోట్లను ముందుగా 8 డాలర్లకు అమ్మి, నెల రోజుల్లో 5,000 డాలర్లు కూడగట్టాడు. అన్నీ ఒకేసారి మీద పడకుండా ఒక్కో నోటు మీద ఒక్కో తేదీ వేశాడు. ఆ ప్రాంతపు రైతులు కూడా చలికాలంలో నోట్లు అమ్మి వేసవిలో కూరగాయలతో తీర్చారు. గడువు ఉంది, సరుకు ఏమిటో తెలుసు, ఇచ్చేదెవరో తెలుసు, తీరిపోగానే నోటు చచ్చిపోతుంది. టోలెమీలు అనే గ్రీకు రాజవంశం పాలించిన ప్రాచీన ఈజిప్టులో ధాన్యాగారాల్లోని ఖాతాల మధ్య రాతపూర్వక ఆదేశంతో ధాన్యం బదిలీ చేసేవారు. అది కూడా చేతిలో తిరిగే నోటు కాదు, ఖాతాలో చేరే పద్దు.

అలాంటి రసీదును నేడు తేవాలంటే దాని మీద కనిపించాల్సినవి కొన్నే: గ్రేడు, తేమ శాతం, నికర తూకం, నెలకు ఎంత తరుగు, ఏ తేదీలోగా తీసుకోవాలి, తీసుకోకపోతే సరుకు వేలం వేసి ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు. వీటన్నిటికన్నా ముఖ్యం, నోటు పట్టుకున్నవాడు చట్టం దృష్టిలో ఎవరు అన్నది. గిడ్డంగి రసీదు అయితే అతను ఆ ధాన్యానికి యజమాని. సంఘం దివాళా తీసినా అప్పులవాళ్లు ఆ బస్తాల మీద చేయి వేయలేరు. సంఘం ఇచ్చిన మామూలు హామీ పత్రం అయితే అతను అప్పులవాళ్ల వరుసలో చివర నిలబడిన ఒకడు. ఉన్న ధాన్యం కన్నా ఒక్క నోటు ఎక్కువ జారీ చేసినా మొదటి హోదా రెండో హోదాలోకి జారే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఏ బస్తా ఎవరిదో అప్పుడు ఎవరూ చెప్పలేరు.